స్లాబులో వదిలేసిన కన్నం

(స్మారకోపన్యాస పాఠం)



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు మాకు భవన నిర్మాణం చెప్పేవారు. కాలమ్‌లు, బీమ్‌ల లెక్కలు ఏ కాలేజీలోనైనా చెబుతారు. ఆయన మాత్రం ఏ డ్రాయింగు పట్టుకెళ్లినా ముందు ఒకటే అడిగేవారు: ఇందులోంచి మనుషులు బయటికి ఎలా వస్తారో వేలితో చూపించు. కాగితం మీద చూపించడం తేలికే. కట్టిన భవనంలో ఆ దారి అలాగే మిగలాలంటే ఎంతమంది చేతులు కలవాలో ఉద్యోగంలోకి వచ్చాక తెలిసింది. అందుకే ఈ సాయంత్రం ఆ చేతుల గురించే మాట్లాడదలచుకున్నాను. అగ్ని భద్రత కోసం ఒక పరిశ్రమ కలిసి పనిచెయ్యడం అంటే ఏమిటి, అది ఎక్కడ నిజంగా జరిగింది, మన హైదరాబాద్‌లో దానికి ఎక్కడ మొదలుపెట్టవచ్చు అన్నది నా విషయం.

పది అంతస్తుల ఆఫీసు భవనం ఒకటి అనుకోండి. సెల్లార్లోని ప్యానెల్ నుంచి పైదాకా కేబుళ్లు వెళ్లడానికి లిఫ్టు పక్కన ఒక షాఫ్టు ఉంటుంది. ప్రతి స్లాబులోనూ దానికోసం అడుగు వెడల్పు, రెండడుగుల పొడవున కన్నం వదులుతారు. కేబుల్ ట్రే అందులోంచి పైకి పోతుంది. కేబుళ్లు పోగా కన్నంలో సగానికి మించి ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీలో రాక్‌వూల్ అనే నిప్పంటుకోని పీచు కూరి, వేడి తగిలితే ఉబ్బి సందు మూసేసే సీలెంటు పైన పట్టించాలి. కష్టమైన పనేమీ కాదు. కానీ ఎవరు చెయ్యాలి? సివిల్ కాంట్రాక్టరు డ్రాయింగులో, సందు మూసే పని ఇతరులది అని రాసి ఉంటుంది. ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు డ్రాయింగులోనూ అదే రాసి ఉంటుంది. ఫైర్ కాంట్రాక్టరు టెండరులో పంపులు, పైపులు, హైడ్రెంట్లు, అలారం ఉంటాయి, కన్నం ఉండదు. ముగ్గురూ ఒప్పందం ప్రకారం పని పూర్తిచేసి, బిల్లులు తీసుకుని వెళ్లిపోతారు. ఎవరినీ తప్పుపట్టలేం. కన్నం మాత్రం అలాగే ఉంటుంది.

ఒకవేళ ఎవరో శ్రద్ధగా మూయించారే అనుకుందాం. ఆరు నెలలకు ఇంటర్నెట్ కంపెనీ కుర్రాడు వస్తాడు. అతనికి నాలుగో అంతస్తుకు వైరు కావాలి. స్క్రూడ్రైవరుతో రాక్‌వూల్ పొడిచి దారి చేసుకుంటాడు. అది ఎందుకు పెట్టారో అతనికి చెప్పినవాళ్లు లేరు. తర్వాత ఏసీ మెకానిక్ వస్తాడు, సీసీ కెమెరాల మనిషి వస్తాడు. ఇక ఒక రాత్రి సెల్లార్లో ప్యానెల్ అంటుకుంటే పొగకు ప్రతి అంతస్తులోనూ తలుపు తెరిచి పెట్టినట్టే. నిప్పు కింద ఉంటుంది, మనుషులు పైన పోతారు. అగ్ని ప్రమాదాల్లో ప్రాణాలు తీసేది చాలావరకు మంట కాదు, పొగ. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన మనిషికి మెట్లు ఎటున్నాయో కూడా తోచదు.

స్ప్రింక్లర్ సంగతీ ఇంతే. సినిమాల్లో చూపించినట్టు అన్నీ ఒకేసారి కురవవు. వేడి ఎక్కడ తగిలిందో అక్కడిదే తెరుచుకుంటుంది. ఎర్ర గాజు గొట్టం ఉన్నది 68 డిగ్రీల దగ్గర పగిలి నీళ్లు వదులుతుంది. దాన్ని పెట్టినవాళ్లు సరిగ్గానే పెడతారు. తర్వాత ఇంటీరియర్ వాళ్లు వచ్చి దాని కిందుగా ఫాల్స్ సీలింగు దించుతారు. అప్పుడు మంట బాగా పెరిగాక గానీ ఆ వేడి గాజును తాకదు.

ఎవరి పని వాళ్లు బాగానే చేసినా భవనం ప్రమాదకరంగా మిగలవచ్చు. నిప్పు ఒక వృత్తికీ ఇంకో వృత్తికీ మధ్య ఉన్న సందులోంచి పోతుంది. ఈ మాటకు లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌ను మించిన సాక్ష్యం నాకు కనబడదు. 2017 జూన్ 14న, అర్ధరాత్రి దాటాక, నాలుగో అంతస్తులోని ఒక ఫ్లాట్ వంటగదిలో ఫ్రిజ్ దగ్గర మంట మొదలైంది. అగ్నిమాపక సిబ్బంది వచ్చి ఆ వంటగదిలో మంటను దాదాపు ఆర్పేశారు కూడా. కానీ అప్పటికే అది కిటికీ చట్రం పక్క సందులోంచి బయటి గోడకు తొడిగిన ప్యానెళ్లలోకి పాకింది. పలుచని అల్యూమినియం రేకుల మధ్య పాలిథిలిన్ ఉన్న ప్యానెళ్లవి. అంతకు ముందు ఏడాదే ఆ భవనానికి కొత్త సొగసు తెచ్చిన పనిలో భాగంగా బిగించినవి. 24 అంతస్తుల భవనం బయటి నుంచి అంటుకుంది. 72 మంది చనిపోయారు.

విచారణ ఏళ్ల తరబడి సాగింది. తుది నివేదిక 2024 సెప్టెంబరులో వచ్చింది. ఆర్కిటెక్టు, ప్రధాన కాంట్రాక్టరు, ప్యానెళ్లు బిగించిన సబ్‌కాంట్రాక్టరు, ఫైర్ ఇంజనీరు, తనిఖీ చేయవలసిన స్థానిక సంస్థ, ఇందరిలో ప్రతి ఒక్కరూ ఆ పదార్థం సంగతి ఇంకొకరు చూసుకుంటున్నారనుకున్నారు. తయారీ కంపెనీలు పరీక్షల ఫలితాలను దాచి, కొనేవాళ్లను వంచించి సరుకు అమ్ముకున్నాయని కూడా నివేదిక తేల్చింది. అక్కడ సమావేశాలకు, మినిట్స్‌కు, ఈమెయిళ్లకు కొదవ లేదు. కలిసి కూర్చోవడమే సహకారమైతే ఆ 72 మందీ బతికి ఉండేవారు. నాకు ఈ విషయంలో కోపం ఉంది, దాన్ని ఈ వేదిక మీద దాచుకోను.

మరి పరిశ్రమ నిజంగా కలిసిన సందర్భాలు లేవా అంటే, ఉన్నాయి. 1895లో బోస్టన్‌లో స్ప్రింక్లర్ తయారీదారులు, ఇన్సూరెన్స్ కంపెనీల వాళ్లు ఒక చోట చేరారు. ఆ నగరం చుట్టూ వంద మైళ్ల లోపల స్ప్రింక్లర్ పైపులు వెయ్యడానికి తొమ్మిది రకాల పద్ధతులు ఉండేవి. పైపు సైజులు కలవవు, సందులు కలవవు. పనివాడికి పిచ్చెక్కే పరిస్థితి. ఆ సమావేశం నుంచే మరుసటి ఏడాది నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ పుట్టింది. అయినా 1904లో బాల్టిమోర్ తగలబడినప్పుడు పక్క నగరాల నుంచి ఫైరింజన్లు పరుగున వచ్చి కూడా చాలావరకు నిలబడి చూడవలసి వచ్చింది. వాళ్ల గొట్టాల మరలు ఆ ఊరి హైడ్రెంట్ల మరలకు సరిపోలేదు. ప్రమాణాలంటే లావుపాటి పుస్తకాలని విసుక్కునే విద్యార్థులు ఆ మరలు గుర్తుపెట్టుకుంటే చాలు.

అయితే ఇవన్నీ వస్తువుల మీద ఒప్పందాలు. మనుషుల ప్రాణాల మీద, డబ్బు మీద, కోర్టులో నిలబడే సంతకాలతో ఒక పరిశ్రమ ఒప్పందం చేసుకున్నది మన పొరుగున. అది బంగ్లాదేశ్‌లో జరిగింది. నేను ఎక్కువసేపు మాట్లాడదలచుకున్నది దాని గురించే.

దానికి ముందు కరాచీ. 2012 సెప్టెంబరు 11న బల్దియా టౌన్‌లోని ఒక బట్టల ఫ్యాక్టరీలో 250 మందికి పైగా చనిపోయారు. నిప్పు కావాలని పెట్టిందేనని తర్వాత అక్కడి కోర్టు తేల్చింది. కానీ కిటికీలకు ఊచలు వేసి, తలుపులకు తాళాలు వేసింది నిప్పు పెట్టినవాళ్లు కాదు. ఇంకా దారుణం ఏమిటంటే, ఆ ఫ్యాక్టరీకి అంతకు ముందు నెలలోనే ఒక అంతర్జాతీయ ప్రమాణం కింద సర్టిఫికెట్ వచ్చింది. ఎవరో వచ్చారు, చూశారు, సంతకం పెట్టారు. ఫీజు ఎవరు కడతారో వాళ్లకు నచ్చే నివేదిక రాసే తనిఖీలకు ఇదొక సమాధి ఫలకం.

రెండు నెలలు గడిచాయి. 2012 నవంబరు 24న ఢాకా శివార్లలోని తజ్రీన్ ఫ్యాక్టరీలో కింది అంతస్తులో గుట్టలుగా పేర్చిన బట్ట, నూలు అంటుకున్నాయి. 112 మంది చనిపోయారని అధికారిక లెక్క. ఆ భవనానికి మెట్లదారులు మూడున్నాయి. మూడు ఉన్నాయి కాబట్టి కాగితం మీద లోటు కనబడదు. కానీ మూడూ దిగేది ఆ తగలబడుతున్న కింది అంతస్తులోకే. అలారం మోగితే సూపర్‌వైజర్లు, ఏమీ లేదు, పోయి కూర్చోండి అన్నారు. దారి వేలితో చూపించమని మాస్టారు ఎందుకు అడిగేవారో ఆ భవనం ప్లాను చూస్తే తెలుస్తుంది. అయిదు నెలలకు, 2013 ఏప్రిల్ 24న, రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. అది నిప్పు కాదు, భవనమే కూలింది. ప్రపంచం మేలుకున్నది ఆ రోజే.

మే నెలలో ఒప్పందం తయారైంది. దాన్ని అకార్డ్ అంటారు. ఒక పక్క బట్టలు కొనే పెద్ద బ్రాండ్లు, చివరికి 200కు పైగా సంతకం పెట్టాయి. ఇంకో పక్క కార్మిక సంఘాలు. మధ్యస్థంగా అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రతినిధి. పరిధిలోకి సుమారు 1,600 ఫ్యాక్టరీలు, 20 లక్షల మంది కార్మికులు వచ్చారు. తనిఖీ చేసే ఇంజనీర్లు ఫ్యాక్టరీ యజమాని మనుషులు కారు, ఏ ఒక్క బ్రాండు మనుషులూ కారు. అందరూ కలిసి జీతమిచ్చే స్వతంత్రులు. ప్రతి నివేదికా ఫ్యాక్టరీ పేరుతో సహా బయట పెట్టారు, ఎవరైనా చదువుకోవచ్చు. ప్రమాదమని తోస్తే పని మానే హక్కు కార్మికుడికి ఇచ్చారు. ఏ ఫ్యాక్టరీ అయినా మరమ్మతుకు మొండికేస్తే ఒక్క బ్రాండు కాదు, సంతకం పెట్టిన అన్ని బ్రాండ్లూ ఆర్డర్లు ఆపెయ్యాలన్నది షరతు. బ్రాండ్లు మొండికేస్తే? వాళ్ల మీద మధ్యవర్తిత్వానికి వెళ్లే హక్కు సంఘాలకు ఇచ్చారు. వెళ్లాయి కూడా. 2018 జనవరిలో ఒక కంపెనీ 23 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది.

తనిఖీల్లో లక్షకు పైగా లోపాలు బయటపడ్డాయి. వాటిలో మళ్లీ మళ్లీ కనిపించిన ఒక వస్తువు గురించి చెప్పాలి, అది మనందరి ఇళ్లలోనూ ఉంది కాబట్టి. కొలాప్సిబుల్ గేటు. పక్కకు జరిపితే ముడుచుకునే ఇనప గేటు. మామూలు రోజున దానంత సౌకర్యం లేదు. కానీ మనుషులు గుంపుగా వచ్చి మీద పడితే ఆ బరువుకు అది పట్టాలో బిగుసుకుపోతుంది. పక్కకు జరపాలంటే ముందున్నవాడు వెనక్కి తగ్గాలి, వెనక వందమంది నెడుతుంటే అతను ఎక్కడికి తగ్గుతాడు? ఇక తాళం కూడా ఉంటే చెప్పేదే లేదు. అందుకే ఇంజనీర్లు ముందు ఆ గేట్లు పీకించారు. వాటి స్థానంలో బయటికి తెరుచుకునే, మంటను కొంతసేపు ఆపే, తనంతట తాను మూసుకునే తలుపులు పెట్టించారు. అలాంటి తలుపులు మొదట్లో ఆ దేశంలో దొరక్క దిగుమతి చేసుకున్నారు. ఆ తర్వాత ఒక పరిశ్రమ అడిగింది కాబట్టి ఇంకో పరిశ్రమ పెరిగింది.

అయితే అకార్డ్ బట్టల ఫ్యాక్టరీలకే పరిమితమైంది. 2021 జులైలో నారాయణగంజ్‌లో ఒక జ్యూస్ ఫ్యాక్టరీ తగలబడి 50 మందికి పైగా చనిపోయారు. ఒక అంతస్తులో మెట్ల తలుపుకు తాళం వేసి ఉంది. దేశం అదే, చట్టం అదే, ప్రభుత్వం అదే. తేడా ఏమిటంటే ఆ ఫ్యాక్టరీ సరుకు కొనేవాళ్లెవరూ ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టలేదు. మాట ఇవ్వడానికీ సంతకం పెట్టడానికీ ఉన్న దూరం ఇదేనని నా అభిప్రాయం. ఇంగ్లండులోనూ గ్రెన్‌ఫెల్ తర్వాత పెద్ద బిల్డర్లు 2022లో ముందు మాట ఇచ్చారు. మాట చాలదని గ్రహించిన ప్రభుత్వం 2023లో వాళ్ల చేత కాంట్రాక్టు మీద సంతకాలు పెట్టించింది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 2022 మార్చిలో బోయిగూడ తుక్కు గోదాము తగలబడి 11 మంది బిహారీ కార్మికులు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ హోటల్లో ఎనిమిది మంది, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన అతిథులు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు. వరంగల్, ఖమ్మం, మహబూబాబాద్ వైపుల నుంచి బతకడానికి వచ్చి, అయిదో అంతస్తు ఆఫీసులో పనిచేసుకుంటున్న పిల్లలు, పొగలో ఊపిరాడక పోయారు. అదే ఏడాది నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కనీసం తొమ్మిది మంది, కింద రసాయనాల డ్రమ్ములు, పైన సంసారాలు. 2025 మే 18న పాతబస్తీ గుల్జార్ హౌజ్‌లో 17 మంది, వాళ్లలో ఎనిమిది మంది పసిపిల్లలు.

వీటి తర్వాత ప్రతిసారీ ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ అనుమతి, ఉందా లేదా అన్న చర్చ జరిగింది. జరగవలసిందే. 1999 నాటి అగ్నిమాపక చట్టం ఉంది, నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో నాలుగో భాగం మొత్తం దీని గురించే. కానీ నేను ఇంకో ప్రశ్న అడుగుతాను. సెల్లార్లోకి బ్యాటరీలు దిగాయని, స్టిల్టులో డ్రమ్ములు పేర్చారని మొట్టమొదట ఎవరికి తెలుస్తుంది? అగ్నిమాపక శాఖకు కాదు. సరుకు దించిన ఆటో ట్రాలీ డ్రైవరుకు తెలుసు. దాన్ని పంపిన డిస్ట్రిబ్యూటరుకు తెలుసు. షోరూముకు డీలర్‌షిప్ ఇచ్చిన కంపెనీకి తెలుసు, వాళ్ల మనిషి వచ్చి ఫోటో తీసుకుని మరీ వెళతాడు. మీటరు లోడు పెంచమని అర్జీ అందుకున్న విద్యుత్ పంపిణీ సంస్థకు తెలుసు. సరుకుకు పాలసీ ఇచ్చిన ఇన్సూరెన్స్ సర్వేయరుకు తెలుసు. వైరు వేడెక్కుతోందని ఎలక్ట్రీషియన్‌కు తెలుసు, అతను ఓనరుకు చెప్పాడు, ఓనరు వచ్చే నెల చూద్దామన్నాడు. ఊరంతటికీ ముక్కలు ముక్కలుగా తెలిసిన సంగతి అగ్నిమాపక శాఖకు మాత్రం ఫోను మోగాక తెలుస్తుంది. పరిశ్రమల సహకారం అంటే ఈ ముక్కలన్నీ ముందుగా ఒక చోటికి చేర్చడం. దీపం వెలిగించి అగ్నిమాపక వారోత్సవం జరుపుకోవడం కంటే ఇది చాలా కష్టం, ఎందుకంటే ఇందులో ఒకరి వ్యాపారం ఆగుతుంది.

అకార్డ్‌లో బ్రాండ్లకు బలం ఎక్కడ నుంచి వచ్చింది? వాళ్లు కొనేవాళ్లు కాబట్టి. మన నగరంలో ఆ స్థానంలో ఉన్నది పెద్ద అద్దెదారులు. మాదాపూర్, గచ్చిబౌలిలో లక్షల చదరపు అడుగులు అద్దెకు తీసుకునే ఐటీ కంపెనీలు, బ్రాంచీలు తెరిచే బ్యాంకులు, ఆస్పత్రుల సంస్థలు, కోచింగ్ సెంటర్లు, బట్టల షోరూములు. వీళ్లు కలిసి ఒకే తనిఖీ బృందాన్ని పెట్టుకోవాలి. ఆ బృందం నివేదిక భవనం పేరుతో సహా అందరికీ కనబడాలి. లోపం సరిచేసేదాకా ఎవరూ అక్కడ అద్దెకు దిగకూడదు, ఉన్నవాళ్లు అద్దెలో కొంత ఆపాలి. ఈ షరతు లీజు పత్రంలోనే ఉండాలి. ఒక్క కంపెనీ అడిగితే ఓనరు ఇంకొకరిని చూసుకుంటాడు. అందరూ అడిగితే ఎవరిని చూసుకుంటాడు?

బిల్డర్ల సంఘం వాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి వాళ్లను ఒకటి అడుగుతాను. స్లాబులోని ప్రతి కన్నానికీ డ్రాయింగులో ఒక నంబరు, దాని పక్కన మూసే సంస్థ పేరు ఉండాలి. మూశాక ఫోటో తీసి భవనం అప్పగించే కాగితాల్లో పెట్టాలి. ఇతరులు అన్న మాట ఆ డ్రాయింగులో ఉండకూడదు. ఇంటర్నెట్, ఏసీ, కెమెరాల కంపెనీలు తమ కుర్రాళ్లకు ఒక పూట శిక్షణ ఇచ్చి, సంచిలో ఒక సీలెంటు ట్యూబు కూడా పెట్టి పంపాలి. పొడిచినవాడే పూడ్చి వెళ్లాలి.

ఇక్కడ నాకు ఎదురుచెప్పేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట న్యాయమైనదే. బోయిగూడ గోదాముకు ఏ బహుళజాతి అద్దెదారు ఉన్నాడు? గుల్జార్ హౌజ్ ఇంటికి ఏ లీజు పత్రం ఉంది? తరతరాల ఇల్లు, కింద దుకాణాలు, లోపలికి ఇరుకు దారి, మెట్లదారి ఒక్కటే. రెండో మెట్లు కట్టమంటే స్థలం ఎక్కడిది, డబ్బు ఎక్కడిది?

డబ్బు ప్రశ్నను పక్కన పెట్టి మాట్లాడే అగ్ని భద్రత మీద నాకు నమ్మకం లేదు. అకార్డ్ పెట్టినవాళ్లు దాన్ని పక్కన పెట్టలేదు. మరమ్మతు ఖర్చు ఫ్యాక్టరీ భరించగలిగేలా చూసే బాధ్యత బ్రాండ్లదేనని ఒప్పందంలో రాశారు. ఎక్కువ ధర ఇస్తారా, అప్పు ఇస్తారా, ముందుగా ఆర్డరు ఇస్తారా అన్నది వాళ్ల ఇష్టం. పాతబస్తీకి కూడా అలాంటి వాక్యం ఒకటి రాసుకోవాలి. అక్కడి ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. రెండో మెట్లకు స్థలం లేకపోవచ్చు, పక్కింటి డాబా మాత్రం చాలాచోట్ల చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంటుంది. రెండు డాబాల మధ్య పిట్టగోడలో ఒక తలుపు, తాళం లేకుండా ఏ వైపు నుంచైనా తెరుచుకునేది, నెడితే గడియ వీడే పానిక్ బార్‌తో. ఎత్తు తేడా ఉంటే నాలుగు ఇనప మెట్లు. ఇద్దరు యజమానుల మధ్య మునిసిపాలిటీ దగ్గర నమోదైన ఒప్పంద పత్రం. ఖర్చులో ఇంటివాళ్లది ఒక వంతు, కింద వ్యాపారం చేసుకునే దుకాణాలది ఒక వంతు, ఆ దుకాణాల సరుకుకు పాలసీలిచ్చే ఇన్సూరెన్స్ కంపెనీలది ఒక వంతు. దొంగల భయం సంగతి నాకు తెలుసు. మన అపార్ట్‌మెంట్ల టెర్రస్ తలుపుకు తాళం పడేది ఆ భయంతోనే. తలుపు తెరిస్తే రెండిళ్లలోనూ గంట మోగే ఏర్పాటు చేస్తే దానికీ విరుగుడు ఉంది, అది మామూలు ఎలక్ట్రీషియన్ బిగించగలిగేదే.

ఈ ఉపన్యాసాన్ని ఏటా జరిపిస్తున్న నిధి నిర్వాహకులకు నా విన్నపం ఒకటుంది. ఈ ఏడాది ఉపన్యాసానికి ఇచ్చే గౌరవ వేతనాన్ని నేను తీసుకోవడం లేదు. దాన్ని అలాంటి తలుపుల్లో మొదటిదానికి వాడండి. వీధిని వర్తక సంఘం వాళ్లు ఎంచుకోవాలి, పిట్టగోడ కొలతలు ఇక్కడున్న సివిల్ విద్యార్థులు తియ్యాలి, పానిక్ బార్ ఏ కంపెనీ ఇస్తుందో బయటికి వెళ్లేటప్పుడు నాకు చెప్పాలి. నేను హాలు గుమ్మం దగ్గరే ఉంటాను.